పిట్ట పెట్టెలో పంది తూటాలు

తుపాకుల కొట్టులో ఆడమనిషికి ఏం పని అని నన్ను ఇప్పటికీ అడుగుతారు. ఊడ్చే పని, తుడిచే పని, నూనె గుడ్డతో గొట్టాలు రుద్దే పని. గుంటూరులో పద్దెనిమిదేళ్ళు ఆ పని చేశాను. మా ఆయన అదే కొట్టులో మరమ్మతు మేస్త్రీ చేతికింద పనిచేసేవాడు. కామెర్లొచ్చి పోయాడు. పోయిన నెలకి యజమాని కబురు పెట్టి, "పత్తి చేలల్లో ఎండకి మాడే బదులు నీడపట్టున ఉందువుగాని రా అమ్మాయ్" అన్నాడు. వెళ్ళాను.

నాకు సంతకం పెట్టడం వచ్చు, అంకెలు గుర్తుపడతాను. అంతకు మించి చదువు లేదు. నేను నోటితో చెబుతుంటే మా సంఘంలో టీచరమ్మ రాసిపెడుతోంది. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు చదువుతారంది. చదవండి. నేను చెప్పబోయేది నా గొప్ప కాదు, నేను చేసిన తప్పు.

ఎనభైల్లో మాట ఇది. కొట్టుకి వచ్చేవాళ్ళలో సగం మంది పంట కాపలాకి తుపాకి లైసెన్సు తీసుకున్న రైతులు. వాగుల వెంట సర్కారు తుమ్మ అడివిలా పెరిగిపోయి అందులో పందులు మకాం పెట్టేవి. వేరుశనగ చేలో పడితే దున్నినట్టు తవ్వేసేవి. మిరప తోట తినేవి కాదు గాని, అడ్డంగా పడి పోయేవి. రైతు కోపంగా వచ్చి, "పెద్ద తూటా ఇయ్యండి, పెద్దది" అనేవాడు. పెద్ద జంతువుకి పెద్ద తూటా, అదే వాళ్ళకి తెలిసింది.

యజమాని అడిగినదల్లా తీసి ఇచ్చే మనిషి కాదు. ఆయనకి ఉబ్బసం. మాటకీ మాటకీ మధ్య ఊపిరి లాక్కుంటూ మూడు ప్రశ్నలు అడిగేవాడు. "కొట్టేది దేన్ని? ఎంత దూరం నుంచి? దాని వెనకాల ఏముంది?"

మొదటి రెండింటికీ ఠక్కున జవాబు వచ్చేది. మూడోదానికి తెల్లమొహం వేసేవాళ్ళు.

"ఎనకాల ఏముంటదండీ, చేనుంటది."

"చేలో ఎవరుంటారు?"

అప్పుడు గాని ఆ రైతు తల గోక్కునేవాడు కాదు.

నాకు ఈ విద్య నేర్పింది మరమ్మతు మేస్త్రీ. ముసలాయన. ఒక కాలు పొట్టి. బల్ల దగ్గర కూర్చుని ఆకురాయి ఆడిస్తూ నోరు కూడా ఆడించేవాడు. "ఇదిగో చెల్లెమ్మా, ఇది పిట్ట తూటా. లోపల ఆవగింజలంత సీసపు గుళ్ళు, వందల్లో ఉంటయ్. పిట్ట మీద వల విసిరినట్టు పోతయ్. ఇది పంది తూటా. లోపల ఒకటే గుండు, పెద్ద రేగుపండంత. మగపందికి భుజం మీద తోలు కింద ఇంకో తోలుంటది, ఎండిన గేదె చర్మంలాగ. చిన్న గుళ్ళు దానికి దోమ కుట్టినట్టు. అయితే మనం దోమని చేత్తో కొడతాం, అది మనిషిని వెతుక్కుంటా వచ్చి కోరతో కొట్టిద్ది."

"మరి రైఫిలో?" అన్నాను ఒకసారి.

"రైఫిలు కొండలున్న చోట. గుండు తప్పినా కొండ పట్టుకుంటది. మన బయల్లో ఎవరు పట్టుకుంటారు? మైలు దూరం పోయి ఎవరి ఇంట్లో పడిద్దో! ఇక్కడ పందికి పన్నెండు బోరు తుపాకిలో ఒంటి గుండు, దగ్గర నుంచి. అంతే."

పిట్ట తూటా, పంది తూటా రెండూ బయటికి ఒకటే ఎత్తు, ఒకటే లావు, ఒకటే ఎర్ర కాగితపు ఒళ్ళు. కొస మీద గుండ్రటి అట్ట బిళ్ళ ఉండి దాని మీద లోపలి సరుకు గుర్తు అచ్చు వేసి ఉండేది. నాకు ఆ అచ్చుతో పనిలేదు. మా ఆయన కూడా నాలాంటివాడే, అందుకని పెట్టెల మీద పెన్సిలుతో బొమ్మలు వేసుకున్నాడు. ఒక దాని మీద పిట్ట, ఒక దాని మీద పంది. పంది అచ్చం మా మేస్త్రీలా ఉండేది. ఆయన పోయాక ఆ బొమ్మలే నాకు అక్షరాలు. వాటితోపాటు చెవి ఒకటి ఉండేది. తూటాని చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు ఆడిస్తే పాత సరుకులో లోపలిది కాస్త కదిలేది. పిట్ట తూటా గసగసల డబ్బాలా సుయ్‌మనేది. పంది తూటా ఠక్కుమని ఒక్క దెబ్బ. కొట్టు దాటే ప్రతి తూటానీ అలా విని ఇచ్చేదాన్ని. గిరాకీలు నవ్వేవాళ్ళు. "ఏమ్మా, కొబ్బరికాయ కొంటన్నావా?" అని.

ఆ ఏడు తుపానుకి గోడౌను కప్పు కారింది. మాఘమాసంలో పెట్టెలు దింపి చూస్తే కాగితపు తూటాలు చెమ్మకి ఉబ్బి ఉన్నాయి. ఉబ్బిన తూటా తుపాకి గొట్టంలోకి దిగదు. యజమాని ఒకటి ప్రయత్నించి చూసి, "డాబా మీద మెత్తటి ఎండకి ఆరబెట్టు అమ్మాయ్, మరీ కాగనివ్వకు" అన్నాడు.

ఆ నెలలో గుంటూరులో ఏ డాబా చూసినా మిరపకాయలే. మా పక్క డాబా నిండా ఎర్రగా పరిచి ఉన్నాయి. నేను దుప్పటి పరిచి, ఒక వైపు పిట్టవీ ఒక వైపు పందివీ, మధ్యలో జానెడు ఎడం ఉంచి పరిచాను. పక్క డాబా ఆవిడ గోడ మీదుగా చూసి, "ఈ రకం యాడ దొరికిందే? ఘాటెక్కువా?" అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

మూడు పొద్దులు బాగానే ఎండాయి. మూడో నాటి సాయంత్రం తూర్పున మబ్బు లేచి టపటపా నాలుగు చినుకులు పడ్డాయి. ఆ వీధి వీధంతా డాబాలెక్కి కేకలు. మిరపకాయలకి చినుకు తగిలితే మచ్చలు పడి తాలు అయిపోతాయి. నేనూ వాళ్ళలాగే చేశాను. దుప్పటి నాలుగు కొసలూ పట్టుకుని మూటగట్టి మెట్లు దిగాను. చిన్నప్పటి నుంచి కళ్ళంలో చేసిన పని, చేతులు వాటంతట అవే చేసేశాయి. మిరపకాయలైతే మూటలో కలిస్తే ఏం పోయింది? అవి తూటాలని నాకు కింద బల్ల మీద మూట విప్పాక గుర్తొచ్చింది.

కూర్చుని అట్ట బిళ్ళలు చూశాను. చెమ్మకి, ఎండకి అచ్చు చాలావాటి మీద వెలిసిపోయింది. మరి చెవితో వేరు చేద్దామంటే ఆ పూట నాకు జలుబు, చెవులు దిబ్బళ్ళు వేసి ఉన్నాయి. ఇక్కడుంది పిల్లలూ నా తప్పు. మూట కట్టడం తప్పు కాదు, అది చేతుల అలవాటు. యజమాని అవతలి నుంచి "అయిందా అమ్మాయ్?" అని అడిగినప్పుడు, "ఆఁ, అయిందండీ" అన్నాను చూడండి, అది తప్పు. దుప్పట్లో ఈ పక్కకి ఒరిగినవి పిట్టవని, ఆ పక్కవి పందివని నాకు నేను చెప్పుకుని, పెట్టెల్లో సర్దేశాను.

మర్నాడు పొద్దున్నే ఒక డాక్టరు గారు కౌజు పిట్టల కోసం పిట్ట పెట్టె పట్టుకెళ్ళారు. ఆయన వెనకే అద్దంకి దగ్గర పల్లె నుంచి మాస్టారు వచ్చారు. బళ్ళో డ్రిల్లు నేర్పి రిటైరైన మనిషి. పొడుగ్గా, సన్నగా, చొక్కా చేతులకి గుండీలు పెట్టుకుని ఉండేవారు. ఆయన దగ్గర జంట గొట్టాల పన్నెండు బోరు ఉంది. వాళ్ళ ఊరి వాగులో ఒక ఒంటరి మగపంది చేరిందట. వారం కిందట పత్తి ఏరుతున్న ఒకామె తొడ చీరేసింది. ఆమె ఒంగోలు ఆసుపత్రిలో ఉంది. దాన్ని కొట్టడానికి సర్కారు అనుమతి కాగితం తెచ్చారు, కానీ గడువు తక్కువ.

"ఎల్లుండితో ఆఖరండీ" అన్నారు మాస్టారు. "మధ్యాహ్నం డప్పులు పెట్టి వాగులోంచి లేపుతాం. ఎండుకాలువలోకి దిగిద్ది. నేను గట్టు మీద నుంచుంటా."

"ఎంత దూరం?" అని యజమాని.

"పదిహేను అడుగులు, ఇరవై."

"వెనకాల?"

"కాలవ మట్టే. పై నుంచి కిందకి కొడతా కాబట్టి."

యజమానికి ఆ జవాబు ఎంత నచ్చిందో! లైసెన్సు మీద రాసి, "ఒంటి గుండు ఇవ్వు అమ్మాయ్" అన్నాడు. పంది బొమ్మ ఉన్న పెట్టె ఇచ్చాను. పది తూటాలు. జలుబు తగ్గలేదు, చెవి దగ్గర పెట్టుకోలేదు.

ఎల్లుండి రానే వచ్చింది. కొట్టు తలుపు తీసీ తీయగానే డాక్టరు గారు లోపలికి వచ్చారు. ఆయన మొహాన కోపమూ నవ్వూ కలిసి ఉన్నాయి.

"ఏమండీ, నాకేం తూటాలిచ్చారు? నిన్న సాయంత్రం కౌజు మీద కాలిస్తే అది నింపాదిగా ఎగిరిపోయింది, దాని వెనక తాటిబొంద చీలింది! బొందలో చెయ్యి పెడితే రేగుపండంత సీసం ముద్ద."

ఆయన తిరిగి తెచ్చిన పెట్టెలో తూటాలు ఒక్కొక్కటీ చెవి దగ్గర ఆడించాను. జలుబు పోయింది ఆ పూటకి, దేవుడి దయ. ఠక్కు. ఠక్కు. సుయ్. ఠక్కు. పిట్ట పెట్టెలో పందివి సగానికి పైగా ఉన్నాయి. అంటే మాస్టారు పట్టుకెళ్ళిన పంది పెట్టెలో ఏమున్నట్టు?

మేస్త్రీ ఆకురాయి ఆపాడు. "మిరపకాయలు ఎత్తినట్టు ఎత్తావు కదమ్మా" అన్నాడు. ఎగతాళి చేద్దామని మొదలుపెట్టాడు గాని మాట చివరికొచ్చేసరికి గొంతు తగ్గిపోయింది.

యజమాని బల్ల పట్టుకుని నిలబడి ఊపిరి లాక్కుంటున్నాడు. ఆ పల్లెకి ఫోను లేదు. తంతి కొట్టినా అందేది రేపు. మాస్టారు గట్టు మీద నిలబడి, ఎదురుగా వచ్చే పంది మీద పిట్టల గుళ్ళు చల్లబోతున్నారు. ముగ్గురికీ అదే బొమ్మ కళ్ళ ముందు ఆడుతోంది.

"నేను పోతానండీ" అన్నాను.

"నేనే ఆరబెట్టమన్నాను" అన్నాడు యజమాని.

"మీరు మూట కట్టమన్లేదు. నేను పోతా. గుండువి ఓ నాలుగు ఇయ్యండి, కొంగులో కట్టుకుంటా."

"పిచ్చా నీకు? లైసెన్సు లేకుండా తూటాలతో బస్సెక్కితే దారిలోనే పట్టుకుంటారు. అటు ఆయనకీ అందవు, ఇటు నువ్వూ రావు." ఆయన జేబులోంచి బస్సు చార్జీలు తీసి నా చేతిలో పెట్టాడు. "ఉత్త నోటితో పో. కాల్చొద్దని చెప్పు చాలు. నీ గొంతు మైలు దూరం వినపడిద్దిగా."

నిజమే. నా గొంతు మొదటి నుంచీ బండగొంతు. చర్చిలో పాట ఎత్తుకుంటే ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి చూసేవాళ్ళు.

చిలకలూరిపేటలో బస్సు చాలాసేపు ఆగింది. డ్రైవరు టీ తాగుతున్నాడు. నేను కిటికీలోంచి తల పెట్టి, "అయ్యా, ప్రాణం మీదకొచ్చింది, పోనియ్యవయ్యా" అన్నాను. కండక్టరు, "ఎవరి ప్రాణమమ్మా?" అన్నాడు. పంది సంగతీ తూటా సంగతీ బస్సులో ఏం చెబుతాను? "మా మాస్టారిది" అన్నాను. డ్రైవరు టీ సగంలో పారబోసి వచ్చాడు. ఆయనెవరో ఈనాటికీ తెలియదు.

అద్దంకిలో దిగేసరికి ఎండ నడినెత్తి దాటింది. పత్తి బోరాల కోసం ఖాళీగా పోతున్న ట్రాక్టరు ఎక్కాను. ఊరు ఇంకా రెండు చేల అవతల ఉండగానే డప్పులు వినిపించాయి. ట్రాక్టరు ఆగకముందే దూకాను.

తెల్లచీర కట్టుకుని పత్తి చేలో అడ్డంగా పరిగెత్తే ఆడమనిషిని చూసి వాళ్ళేమనుకున్నారో తెలుసా? బైబిలమ్మ అనుకున్నారు. ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పే ఆడవాళ్ళు ఆ పల్లెలకి అలాగే వచ్చేవాళ్ళు. గట్టు మీద చేరిన పత్తి కూలీల్లోంచి ఒకామె అరిచింది.

"అమ్మా, ప్రార్థన తరవాత పెట్టుకుందాంలే! పంది లేస్తంది, అటు పో!"

"ప్రార్థన కాదే! డప్పులాపమను! డప్పులు!" అని నా గొంతంతా పెట్టి అరిచాను. "మాస్టారూ! కాల్చొద్దు! అయ్యి పిట్ట తూటాలు!"

అడివి అంచున ఉన్న డప్పు ఒకటి ఆగింది. తరవాత ఇంకోటి. ఒకళ్ళని చూసి ఒకళ్ళు ఆపేశారు. కాలువ గట్టు మీద మాస్టారు తుపాకి వంచి, తూటాలు బయటికి లాగి, నా వైపు నడిచి వచ్చారు. గట్టు మీద కూలబడి, జరిగింది జరిగినట్టు చెప్పాను. దుప్పటి, చినుకులు, జలుబు, నేను ‘అయింది’ అన్నమాట, అన్నీ.

మాస్టారు జేబులోంచి చాకు తీసి, ఇందాక తుపాకిలో ఉన్న రెండిట్లో ఒకదాని కొస కోసి అరచేతిలోకి వంచారు. ఆవగింజలు జలజలా రాలాయి.

"దీనితోనా ఇప్పుడు దాని ముందు నుంచున్నా?" అన్నారు, తనతో తనే అన్నట్టు.

అక్కడ ఊళ్ళో పెద్దరైతు ఒకాయన ఉన్నాడు. కూలీలు ఆయన చేలో వాళ్ళే. ఆయనకి రైఫిలు ఉంది, మనిషి చేత మోయించుకుని తెచ్చాడు. "పొద్దుటి నుంచీ చెబుతున్నా. ఈ పప్పు బెల్లాల తుపాకి పక్కన పెట్టండి మాస్టారూ. నా రైఫిలు తీసుకోండి. ఏనుగైనా పడిద్ది."

"పడిద్ది. పంది గట్టెక్కి చేలో పడితే? గుండు తప్పిపోతే యాడ ఆగిద్ది?"

"ఎక్కడో ఆగిద్ది."

"అదేగా, ఆ ఎక్కడో ఎక్కడని!" మాస్టారు వాగు అవతలికి చెయ్యి చూపించారు. పక్క ఊరి చేలల్లో తలగుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళు తెల్లచుక్కల్లా కనిపిస్తున్నారు. వాళ్ళకి ఇక్కడి గొడవ తెలియదు, వంగి పత్తి ఏరుకుంటున్నారు. నేను అలా వంగి పదేళ్ళు ఏరినదాన్ని. రైఫిలు గుండుకి నడుము వంచినవాళ్ళని చూసి తప్పుకునే తెలివి ఉండదు.

"మాస్టారికి గుండె జారింది, అదీ సంగతి" అన్నాడు పెద్దరైతు.

"జారిందయ్యా. ఇయ్యి చూస్తే జారదా?" అని మాస్టారు అరచేతిలో గుళ్ళు చూపించారు. ఆ మాటకి జనం నవ్వారు, పెద్దరైతూ నవ్వాడు. కానీ నవ్వు ఎంతసేపు? కాగితం గడువు ఆ పొద్దుకి ఆఖరు. డప్పులవాళ్ళు మూడు పల్లెల నుంచి కూలి మానుకుని వచ్చారు. పంది ఆ తుమ్మల్లోనే పడుకుని ఉంది. రేపటి నుంచి ఆ ఆడవాళ్ళు మళ్ళీ దాని పక్కన పత్తి ఏరాలి. ఆసుపత్రిలో ఉన్నామె చెల్లెలట, ఒకామె నా ముందుకొచ్చి, "అయితే ఇయ్యాళ కూడా చావదా అది?" అంది. నాకేసి చూసి అడిగింది. ఆ చూపు తప్పించుకోలేకపోయాను.

అప్పుడు తట్టింది నాకు. డాక్టరు గారి పెట్టెలో అన్నీ గుండువి కాదు, పిట్టవీ కలిసే ఉన్నాయి. అంటే మాస్టారి పెట్టెలోనూ అన్నీ పిట్టవి కాకపోవచ్చు.

"మాస్టారూ, పెట్టె ఇటియ్యండి. నేను విని చెబుతా."

"విని?"

"చెవితోటి. అందరూ కాసేపు నోళ్ళు మూసుకోవాలి."

"సూదితో పొడిచి చూస్తే పోలా?" అన్నాడు పెద్దరైతు.

"పొడిస్తే సీసం తగిలిద్ది. ఒకటా వందా అనేది సూదికేం తెలుసు?" అన్నారు మాస్టారు. "అందరూ గమ్మునుండండిరా!"

యాభై అరవై మంది జనం, ఆ బయల్లో, ఒక్కళ్ళు దగ్గలేదు. నేను కళ్ళు మూసుకుని తూటా చెవికి ఆనించి ఆడించాను. కోసినది పోగా తొమ్మిది. సుయ్. పక్కన పెట్టాను. సుయ్. సుయ్. నాలుగోది ఠక్కుమంది. మళ్ళీ ఆడించాను, ఠక్కు. కొంగులో పెట్టుకున్నాను. సుయ్. ఆరోది ఠక్కు. తరవాత రెండూ సుయ్. చివరిది ఆడిస్తే చిన్నగా, ముద్దగా కదిలింది. గసగసల చప్పుడు లేదు. ఠక్కు అంత తేటగానూ లేదు.

కొంగులో మూడు. మాస్టారు నా ముందు గొంతుక్కూర్చున్నారు. "ఒకటి కోసి చూస్తాను. ఏది కోయమంటావ్?"

కోసిన తూటా మరి పనికి రాదు. నాలుగోది చేతికిచ్చాను. కోశారు. గుండు దొర్లి గడ్డిలో పడింది. జనమంతా ఒక్కసారి ఊపిరి వదిలిన చప్పుడైంది. పెద్దరైతు వంగి దాన్ని తీసుకుని చూసి, "ఏమ్మే, నీ చెవి మా ఊరికి అమ్మేసి పో" అన్నాడు.

మాస్టారు మిగతా రెండూ తీసుకుని, లేవబోతూ ఆగారు. "రెండూ ఖాయమేనా అమ్మా?"

‘ఖాయం’ అనే మాట నోటి దాకా వచ్చింది పిల్లలూ. అంతమంది చూస్తున్నారు. ఇందాకే మెచ్చుకున్నారు. అంత దూరం పరిగెత్తి వచ్చి మళ్ళీ అనుమానమనడానికి సిగ్గేసింది. మూడు రోజుల కిందట ‘అయిందండీ’ అన్నప్పుడు కూడా అచ్చం ఇలాగే నోటి దాకా వచ్చింది.

"ఇది ఖాయం" అని ఆరోదాన్ని తాకాను. "ఇది గుండే అనుకుంటన్నా. ఒట్టెయ్యమంటే ఎయ్యలేను."

ఆయన రెండిటినీ ఒకసారి చూసి, ఖాయమన్నదాన్ని కుడి గొట్టంలో వేశారు. రెండోదాన్ని ఎడమ గొట్టంలో. తుపాకి మూసి, "నువ్వు ఆ తాటిచెట్టు దాటి ఇటు రావద్దు" అని గట్టు మీదకి నడిచారు.

డప్పులు మళ్ళీ మొదలయ్యాయి. నేను తాటిచెట్టు బోదె పట్టుకుని నిలబడ్డాను. తుమ్మల్లో కొమ్మలు విరిగాయి. ముందు దుమ్ము కనిపించింది, తరవాత పంది. నేను సంతలో చూసిన పందుల్లాంటిది కాదు. దూడంత ఉంది. భుజాల దగ్గర ఎత్తుగా, వెనక పల్చగా, మూతి పక్కన కోరలు. కాలువలో దిగి నేరుగా వస్తోంది. మాస్టారు కదలరేం? ఇంకా దగ్గరికి వచ్చింది. నేను కళ్ళు మూసుకుందామనుకున్నాను, మూసుకోలేకపోయాను.

ఒకటే పేలింది. పంది ముందుకాళ్ళు మడిచి, ఆ ఊపుతోనే మట్టి దున్నుకుంటూ జారి, గట్టు కింద ఆగింది. ఒక్కసారి కాళ్ళు కొట్టుకుంది, అంతే. మాస్టారు ఎడమ గొట్టం దాని మీదే గురిపెట్టి చాలాసేపు అలాగే నిలబడ్డారు. కదలదని నమ్మకం కుదిరాక తుపాకి దించారు.

తరవాత కేకలు, ఈలలు, డప్పులు, ఎవరేం అంటున్నారో తెలియదు. ఆ చెల్లెలు నన్ను కావలించుకుని ఏడ్చింది. "మా అక్క ఇంటికొస్తే చెబుతా, బైబిలమ్మ కాదు తూటాలమ్మ వచ్చిందని" అంది. ఎవరో మజ్జిగ తెచ్చారు. ముంత ఖాళీ అయ్యాక చూసుకున్నాను, పొద్దుటి నుంచి నేను మంచినీళ్ళు కూడా తాగలేదు.

పొద్దు వాలకముందే మాస్టారు నన్ను రోడ్డు దాకా నడిపించారు, బస్సు ఎక్కించడానికి. ఎవరూ లేని చోట మైలురాయి పక్కన ఆగి, జేబులోంచి ఎడమ గొట్టంలోని తూటా తీశారు. కాలని తూటా, నేను ఒట్టెయ్యలేనన్నది.

"చూద్దామా?" అన్నారు.

వద్దనబోయాను. అప్పటికే చాకు తీశారు. అట్ట బిళ్ళ ఊడింది. అరచేతిలో ఒక సీసపు ముద్ద పడింది. నేను హమ్మయ్య అనుకునేలోపే ఆయన బొటనవేలి గోరుతో దాన్ని నొక్కారు. ముద్ద పొడిపొడిగా విడిపోయింది. ఆవగింజలు. చెమ్మకి ఒకదానికొకటి అతుక్కుపోయి ఒక్క గుండులా కదిలాయి, నా చెవి మోసపోయింది.

అవతల రోడ్డు మీద పత్తి బండ్లు పోతున్నాయి. మొదటి దెబ్బ తప్పి ఉంటే ఆయన చేతిలో మిగిలేది ఇదే. నేను ఖాయమని ఉంటే ఆయన ఏది ఏ గొట్టంలో వేసేవారో!

"నేను ఎప్పుడూ కుడిదే ముందు కాలుస్తా" అన్నారు మాస్టారు మెల్లగా. "నువ్వు ‘అనుకుంటన్నా’ అన్నావు కాబట్టి దీన్ని ఎడమకి వేశా."

ఆయన చెయ్యి దులిపి, చొక్కా చేతి గుండీ సరిచేసుకుని, "మీ యజమానికి చెప్పు, నిన్ను తిట్టొద్దని. కాగితపు తూటాలు నీడన ఆరబెడితే చాలు" అన్నారు. బడిలో పిల్లలకి చెప్పినట్టు చెప్పారు.

యజమానికి అంతా చెప్పాను. ఈ రెండో తూటా సంగతి కూడా. ఆయన తిట్టలేదు. ఆ చెమ్మ తగిలిన సరుకంతా వెనక్కి పంపించేశాడు. నేను ఆ కొట్టులో ఇంకా చాలా ఏళ్ళు పనిచేశాను. ఎవరైనా "అయిందా?" అంటే, కాకపోతే ‘కాలేదండీ’ అనేదాన్ని. దానివల్ల మాటలు పడ్డాను కూడా. పడినా మంచి నిద్ర పట్టేది.

ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. కూర్చున్నాక గాని వణుకు మొదలవలేదు. ముందు చేతులు, తరవాత గడ్డం, ఆపుదామన్నా ఆగలేదు. పక్కన జామకాయల గంప ఒళ్ళో పెట్టుకున్న ముసలమ్మ నాకేసి చూసి, "చలేస్తందా అమ్మా?" అంది.

"కాదవ్వా. బతికాం" అన్నాను.

ఎవరు, ఎలా అని ఆమె అడగలేదు. గంపలో వెతికి, దోరగా ఉన్న కాయ ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. చిలకలూరిపేట వచ్చేదాకా దాన్ని కొరుకుతూనే ఉన్నాను. అంత తియ్యటి జామకాయ మళ్ళీ తినలేదు.